నిలబడినప్పటి వణుకు

బండి గేటు దాటకముందే విన్నాను.
పరిగెత్తేటప్పుడు కాదు, ఆగాక:
దగ్గు ఆపుకుంటున్న ముసలాడిలా
రేకులన్నీ గజగజలాడిస్తూ
ఎనభైమూడు నాటి జిగులీ,
ఎండిన దానిమ్మ తొక్క రంగు.

అఘావ్ని దిగింది. ఇంజను ఆపలేదు,
ఆపితే మళ్ళీ అందుకోదేమోనని.
గ్యూమ్రీ చలికి మాటకంటే ముందు ఆవిరి వచ్చింది.
"ప్లగ్గులు మార్చారు, వైర్లు మార్చారు, మూత మార్చారు.
డబ్బు పోయింది, జబ్బు ఉంది.
కాలు నొక్కితే ఒక్క క్షణం ఆలోచించి
అప్పుడు కదులుతుంది. అది పర్వాలేదు, వర్పెత్ హమాస్ప్.
నిలబడి వణుకుతుందే, అదే నా వల్ల కాదు."

నేను బానెట్ ఎత్తలేదు.
ముందు వెనక్కి వెళ్ళి
పొగగొట్టం నోటి దగ్గర వెయ్యి డ్రాముల నోటు పట్టాను.
రెపరెపలాడుతూ బయటికే ఎగిరింది,
ఒక్కసారీ లోపలికి గుంజుకోలేదు.
వాల్వులు కాలలేదన్నమాట.
నోటు ఆమెదే. తిరిగిచ్చేదాకా
కుర్రాడు నా చేతి వంకే చూశాడు.

తర్వాత ఒక్కో వైరూ లాగాను.
ఒకటోది తీస్తే కుంటింది. రెండోది తీసినా అంతే.
మూడు, నాలుగు, అదే కుంటు.
దొంగ ఒక్కడే అయితే
వాడు లేనప్పుడు తేడా తెలియదు కదా.
ఇక్కడ తిలాపాపం తలా పిడికెడు.
నలుగురూ పీల్చే గాలిలోనే ఏదో ఉంది.

"బ్రేకు గట్టిగా ఉంటోందా?"
"ఈ చలికాలమంతా. నా మోకాలు అరిగిందనుకున్నాను."

సిగరెట్ మానేసి ఆరేళ్ళు.
కుర్రాడి దగ్గర ఒకటి తీసుకుని ముట్టించాను,
వైద్యం కోసమే.
పెట్రోలు పక్కన నిప్పేంట్రా అని
మా నాన్నైతే చెంప పగలగొట్టేవాడు.
దూరం నుంచి, మెల్లగా, పొగ వదిలాను.
కార్బురేటర్ అడుగున అది ఆగలేదు,
గ్యాస్కెట్ అంచున ఆగలేదు,
బ్రేకు బూస్టరు గొట్టం దగ్గరికి రాగానే
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
వంగి, కిందికి దూరింది.

కంటికి ఆనని వైపు, రబ్బరు మీద
గోరంత పగులు.

ఆమె కాఫీ కప్పు అడిగి తీసుకుని
ఎయిర్ ఫిల్టర్ మూత మీద పెట్టాను.
నల్లటి కాఫీలో వలయాలు, వలయాల్లో వలయాలు.
పటకారుతో గొట్టం నొక్కిపట్టాను.
ఇంజను ఒక్కసారి ఉలిక్కిపడి సర్దుకుంది.
కాఫీ అద్దమైంది.
అందులో గ్యారేజీ దీపం గుండ్రంగా నిలిచింది.

ఆమె కప్పు తీసుకోలేదు.
"నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
టీచరు బల్ల మీద నీళ్ళ గ్లాసు
అందరికంటే ముందు..."
మా ఊళ్ళో ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చేయరు.
ఎవరూ అడగరు కూడా.
కుర్రాడు ఆ డిసెంబరు తర్వాత పుట్టినవాడు,
వాడు కూడా పొయ్యిలో కట్టె సర్దడానికి వెళ్ళాడు.

గొట్టం చివర రెండు వేళ్ళ మేర కోసి
మిగిలింది లాగి బిగించాను.
ఖర్చు: ఒక క్లిప్పు.

ఇంజను ఆపి కార్బురేటర్ గొంతులోకి టార్చి వేశాను.
మీట తిప్పితే దారంలా చిమ్మాల్సిన పెట్రోలు
చొంగలా కారింది.
"పంపు పొర చిరిగింది. అందుకే ఆ తటపటాయింపు.
గురువారం యెరెవాన్ వ్యానులో కొత్తది వస్తుంది, రండి."
సరేనంది.

పొర వచ్చింది. ఆమె రాలేదు.
మేకుకి వేలాడుతోంది, కవరు చింపలేదు.

నిన్న మార్కెట్ కూడలిలో చూశాను.
ఎర్రదీపం ముందు దానిమ్మ తొక్క రంగు కారు,
ఆగి ఉందో ఆపేసి ఉందో తెలియనంత నిలకడగా.
స్టీరింగు మీద ఆమె చేతులు వదులుగా ఉన్నాయి.
పచ్చ పడింది.
బండి ఒక్క క్షణం ఆలోచించింది.
వెనక బస్సువాడు హారన్ మోగించాడు.