సాల్మీ రోడ్డు, యాభైయ్యారో కిలోమీటరు

గుడారం గుడ్డలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకి,
కిందే కూర్చునే మనుషులకు పదకొండు కుర్చీలు,
అన్నీ దించి పోయినాడు గంగమల్లన్న
సాల్మీ రోడ్డులో, యాభైయ్యారో కిలోమీటరు దగ్గర.
ఫిబ్రవరి.
రాత్రిళ్ళు ఇంకా పళ్ళు టకటకలాడే చలి.
పొద్దున తొమ్మిదయితే మాత్రం ఎండ
పక్కింటి బిడ్డ మాదిరి
అడక్కుండానే వచ్చి ఒళ్ళో కూర్చుంటాది.

ముసలామె ఉమ్ మిష్అల్.
నేను ఓబులమ్మ. ఆమె నోట్లో 'బులా'.
పద్నాలుగేళ్ళుగా బులాగానే పలుకుతాండా.
కువైట్ సిటీలో ఆమెది సోఫా, నాది వంటగది.
ఈడ ఇద్దరికీ ఒకటే చాప.
ఇసక రాసిన చట్టమది,
గుడారం పీకినాక చెల్లదు.

బొగ్గుల్లో గెనుసుగడ్డలు కప్పెడతా.
పిల్లోళ్ళు ఆగరు.
చేతులు కాల్చుకుంటారు, ఊదుకుంటారు,
నవ్వుకోని మళ్ళా కాల్చుకుంటారు.
అల్లం పాలు పొంగి పొయ్యిలో పడితే
ఆ మాడు వాసనకే ముసలామె కళ్ళు మూసుకుంటాది,
ఏ గుడారం గుర్తుకొస్తాదో, నేనడగను.

ఇరవయ్యైదో తేదీ జెండాల పండగ.
పిల్లోళ్ళంతా నీళ్ళ తుపాకులతో
గంగమల్లన్న మీద పడినారు.
"అరె, మా కాముడింకా కాలనే లేదు,
గప్పుడే తడిపిండ్రా!" అని జగిత్యాల భాషలో అరుస్తా
బండి చుట్టూ ఉరికినాడు, నలభై ఎనిమిదేళ్ళ మనిషి.
వాళ్ళకొక్క ముక్క అర్థం కాలేదు.
నవ్వడానికి అదేం అడ్డం రాలేదు.

ఆ యేడు నవంబరులో బాగా ఉరిమింది.
ఉరమనిదే నేలకు కడుపు రాదంటాది ముసలామె.
ఉరుము పడితే మార్చికల్లా ఫగా గడ్డలు కంటాదంట ఎడారి.
నాకు ఒళ్ళు జలదరించింది.
మా అవ్వ ఇదే మాట అనేది
పుట్టగొడుగుల గురించి, రాయచోటి పక్క గుట్ట మీద.
నాది వంటింటి అరబ్బీ.
ఉప్పుకుంది మాట, ఉల్లిగడ్డకుంది, 'తొందరగా' కుంది,
అవ్వ మాటకు లేదు.
అందుకని ఆకాశం చూపించి డమడమమన్నా,
పైటకొంగు కింద పిడికిలి పెట్టి
మెల్లగా పైకి లేపినా.
ఆమె నా మోకాలి మీద చరిచి చరిచి నవ్వింది.

తెల్లారి ఇద్దరం పోయినాం, ఆమె కర్రతో, నేను గరిటెతో.
రగ్రూగ్ మొక్క యాడుంటే ఆడ వెతకాలంట.
పసుపుపచ్చగా దూరంగా ఏదో కనిపిస్తే
తంగేడనుకోని ఉరికినా. అర్ఫజ్ పూలు.
తంగేడు కాకపోయినా
కాసేపు ఆడే నిలబడినా.
ఆమె కర్ర ఒకచోట ఆగింది.
వెంట్రుకంత పగులు.
ఆమె మోకాళ్ళు వంగవు, నా మోకాళ్ళు వంగినాయి.
వేళ్ళకు తగిలింది సల్లగా, గుండ్రంగా,
రాయి కాదు, దుంప కాదు,
తొలివాన వాసన కట్టిన ముద్ద.

బజారులో కిలో పన్నెండు దినార్లు,
నా జీతంలో పదో పాలు.
తొమ్మిది దొరికినాయి.
పెద్దది నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది:
"ఇది నీది. నీ లెక్కన వండు."

వెల్లుల్లి, ఎండుమిరపకారం,
చెల్లెలు పంపిన చింతపండు చివరి పెచ్చు.
పులుసు దగ్గరపడతాంటే
గుడారమంతా ఎవరి ఊరో తెలీకుండా పోయింది.
ముసలామె ఒక ముద్ద తిన్యాది.
కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు.
"కారం," అన్యాది తెలుగులో,
పద్నాలుగేళ్ళలో నేర్చిన ఒకే మాట.
తట్ట మళ్ళా చాపింది.

మార్చి పదహైదుకు గుడారాలు లేపేయాల.
తవ్విన గుంతలు పూడ్చమన్యాది, వచ్చే యేటికని.
పూడుస్తా లెక్కబెట్టుకున్యా:
ఆమె మోకాళ్ళు, నా ఇకామా,
నవంబరు ఉరుము. మూడూ కలిసి రావాల.

తిరుగు దోవలో, కారు వెనక సీట్లోంచి:
"బులా, ఏమన్నావు దాన్ని, మీ ఉరుము గడ్డని?"
పుట్టగొడుగు.
"బుట్టగొడుగు."
బుట్ట కాదు, పుట్ట.
"అదే. బుట్ట."
గంగమల్లన్న అద్దంలో నన్ను చూసి నవ్వినాడు.
నేను దిద్దలేదు.
గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది మట్టి,
రాత్రికి బియ్యం కడిగేదాకా ఉంటాది.