ఒక్క నిమిషం

రేపు పొద్దున ఏడింటి బస్సు.
నిమిషం మాటలు, యాస లేకుండ, అన్నరు.

మిర్యాలగూడ మిల్లుల, మోత నడుమ,
తవుడు బస్తాను తండ్రి అనుకొని
అడుగుతున్న:
"నన్నెందుకు నమ్మలేదు నాన్నా?"
నలభై సార్లు. ఫోన్ల గడియారం పెట్టి.
ఒకపారి యాభై రెండు సెకన్లు, ఒకపారి డెబ్బై.
ఏడుపు ఎక్కడ పెట్టాల్నో
కాగితం మీద పెన్సిలుతో గీసుకున్న.

కరెంటు పోయింది.
మోత ఆగిందని నోటికి తెల్వలే.
"నమ్మలేదు నాన్నా" అని
మిల్లంత ఒక్కటే గొంతు.

ఊడుస్తున్న మట్టమ్మ చీపురు ఆపింది.
"ఎవలు నమ్మలే బిడ్డా?"

కాగితంల దానికి జవాబు లేదు.
బస్తా దిక్కు చూసిన. తవుడే.
గీత లేని కాడ
గొంతు పట్టుకున్నది.

"మా నాయిన" అన్న.

ఎన్ని సెకన్లో చూడలే.