ఇవాలోలో చలి రాత్రి

నలభై ఏళ్లుగా ఐలి
రాత్రిపూట కారుకి తీగ తగిలిస్తూనే ఉంది.
అప్పుడది ఇంజను బిగుసుకుపోకుండా,
ఇప్పుడేమో బ్యాటరీ నిండడానికి.
స్తంభం అదే, దాని మంచు టోపీ అదే.

"ఇంకా ఆ పెట్రోలు ట్యాంకెందుకు?" అంటాడు
పూర్తి కరెంటు బండి కొన్న తౌనో.
సున్నాకి ముప్పై నాలుగు కింద
అతని బండి సగం దారిలో నీరసించిందని
ఊరందరికీ తెలుసు. ఐలి ఎత్తిపొడవదు.

చలి ముదిరితే తన ఇంజను లేచి
రెండు దగ్గులు దగ్గి పడుకుంటుంది.
ఆగస్టులో పోసిన పెట్రోలు ఇంకా అడుగంటలేదు.

"అది ఇంధనం కాదు తౌనో,
ముప్పై ఐదు లీటర్ల భయం.
మోసుకు తిరుగుతున్నా."

నవ్వుకున్నారు. మాటలు ఆవిరై తేలాయి.
రేపు ఎవరిదో మాత్రం తేలలేదు.
మంచు తవ్వే పార
ఇద్దరి డిక్కీలోనూ ఉంది.