పాదసూచిక

సెమినార్ హాల్లో ఏసీ పనిచేయలేదు.
అనంతపురంలో ఏప్రిల్ చివర అది వార్త కాదు.
"కౌలు చట్టాలు: హక్కు, అనుమతి, అదృశ్యం"
అని నా వెనక తెరమీద.
అదృశ్యంలో రెండో అక్షరం ఫాంటు పగిలి
చిన్న డబ్బాగా నిలబడింది.
ఎవరూ గమనించలేదు.

నాకిచ్చింది పన్నెండు నిమిషాలు.
ఏడు నిర్వచనాలకే పోయాయి:
సాగుదారు ఎవరు, యజమాని ఎవరు,
పరిహారం ఎవరి ఖాతాలోకి నడిచి వెళ్తుంది.

ఇరవై తొమ్మిది పేజీల్లో ఆమె ఉన్నది ఒక్క చోటే,
పదకొండో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో:
"ముఖాముఖి, మహిళా సాగుదారు, 46, బెళుగుప్ప మండలం."
నలభై ఒకటో పాదసూచిక.

పాదాలు మాత్రం చూశాను.
చెనిక్కాయ పీకేసిన చేను,
మడమల పగుళ్ళలో ఎర్రమన్ను.
"చేన్లోకి చెప్పులతో రాగూడదు మేడమ్" అంది.
విప్పాను. నాలుగడుగులకే పల్లేరుకాయ.
నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని ఆమే తీసింది,
తీస్తూనే మాట్లాడింది.

నేను కౌలు అన్నాను.
ఆమె గుత్త అంది.
ఒప్పంద పత్రం ఉందా అన్నాను.
"నోటిమాటే. ఉగాదికి దుడ్లు చేతిలో పెడితే
ఇంకో ఏడు మనది."

తొమ్మిదేళ్ళుగా దున్నేది ఆమె.
అడంగల్లో ఉన్నది బళ్ళారిలో సిమెంటు కొట్టు మనిషి.
పోయినేడు ఊడలు దిగే వేళకు వాన మొగం చాటేసింది.
పరిహారం పడింది,
బళ్ళారిలో పడింది.
ఆయన చెడ్డవాడేం కాదు, పండక్కి చీర పంపినాడు.
"కార్డు కావల్లంటే ఆయప్ప సంతకం పెట్టల్ల.
సంతకం అడిగితే చేను అడిగినట్లే."

నా పెన్ను అక్కడ ఆగింది.
నా పరిశోధన మొత్తం, ఉపోద్ఘాతం మొదలు ముగింపు దాకా,
ఆ నాలుగు మాటలకి వ్యాఖ్యానం.

లేస్తుంటే అడిగింది: "నా పేరు రాసుకుంటివా?"
రాయకూడదక్కా, మీ రక్షణ కోసమే,
యూనివర్సిటీ నియమం అన్నాను.
నవ్వింది.
"అడంగల్లో రాయరు. బ్యాంకోళ్ళు రాయరు.
ఇన్సూరెన్సోళ్ళు చేను చూసి పోతారు, నన్ను చూడరు.
ఇంత దూరం బస్సెక్కి వచ్చింది
నువ్వూ రాయకుండా పోయేకా?"

గోప్యత అనే మాట అంతవరకు నాకు దుప్పటి.
కప్పుతారని తెలుసు.
మొహం మీద దాకా కప్పేది ఎవరికో
ఆలోచించలేదు.

రాసుకున్నాను, ఇంటిపేరుతో సహా.
కమిటీతో పోట్లాడైనా వ్యాసంలో పెడతానన్నాను.

పదిరోజులకు ఫోను.
రాత్రి ఎనిమిదిన్నర, వెనక ఎవరో పిల్లాడు
ఏడో ఎక్కం తప్పు చదువుతున్నాడు.
"మేడమ్, నా పేరు వద్దులే.
ఎవురన్నా ఆయప్పకు చూపిస్తే…
వచ్చే ఏడు కూడా ఆ చేన్లోనే ఇత్తనమెయ్యల్ల."
సరే అన్నాను. ఆమె కూడా సరే అంది.
ఇద్దరం కాసేపు ఫోను పెట్టేయలేదు.

గంట కొట్టారు, టైమైపోయింది.
ముందు వరసలోంచి ఒక ప్రొఫెసర్:
"మీ నమూనా పరిమాణం చాలా చిన్నదమ్మా."
నిజమే సార్.
ఒక మనిషంత.

బయట భోజనాలకు వరస కట్టారు.
రాగిసంగటి కూడా ఉందంట అని ఎవరో సంబరపడ్డారు.

ఇది వ్యాసం కాదు, దీనికి కమిటీ లేదు.
అయినా నోటిదాకా వచ్చిన పేరును
మళ్ళీ మింగుతున్నాను.
మారెక్క అని మార్చి రాద్దామనుకున్నాను.
మారెక్కలు ఊరికొకరుంటారు,
ఎవరి గుత్త పోతుందో చెప్పలేం.
అందుకే ఇక్కడ ఆ పగిలిన అక్షరం లాంటి
డబ్బా ఒకటి ఉందనుకోండి.

పదునైనంక ఫోన్ చేస్తా అనింది.
ఇది జూన్ మూడో వారం.