పది సెకన్లు

"ఆగమ్మా, చచ్చిపోతున్నా" అంటాడు
అన్నానికి పిలిస్తే.
రోజుకి ఇరవైసార్లు చస్తాడు మా జోయెల్,
మంచంకోడుకి ఆనుకుని,
మా ఆయన ఫోనులో.

మొదట్లో నాకు గుండె జారేది.
తర్వాత్తర్వాత నోరు జారేది.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పొద్దుట్నించీ మిరపకాయల తొడిమలు తీసిన చేతులు.
ఫోను లాక్కుందామంటే
వాడి కళ్ళకెక్కడ తగులుతుందో ఆ మంట.
ఆ సంగతి వాడికీ తెలుసు.
వీపు మీద వెయ్యలేని దెబ్బలన్నీ
నోటితోనే వేస్తాను.

ఒంటిపూట బడి నుంచి వస్తూ
సందు మలుపులో గోడకి కరుచుకుని తొంగిచూస్తాడట.
"వెనక నువ్వు కాపు కాయవే" అంటాడట చెల్లెల్ని.
నాగూర్ వాళ్ళమ్మ చెప్పి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ ఆఖరు. కరెంటు లేదు.
చెప్పులు విప్పుతూ విప్పుతూ
గడపలోనే కూలబడ్డాను.

ఫోను బోర్లా పడ్డ చప్పుడు.
అందులోంచి నాగూర్ కేకలు:
"ఎక్కడున్నావ్‌రా, చంపేస్తున్నార్రా!"
వీడు నా పక్కన మోకాళ్ళ మీద,
నా మిరప చెయ్యి రెండు చేతులా పట్టుకుని
"కదలకమ్మా. పది సెకన్లు.
మధ్యలో నేను లేస్తే పోతావు."
లెక్కపెడుతున్నాడు.

ఏడు దగ్గర గొంతు వణికింది.
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

మజ్జిగ తెచ్చింది మాత్రం చెల్లెలే.

రాత్రి అరచేతులు మండి ఏడిస్తే
కొబ్బరినూనె రాశాను.
తెల్లారేసరికి మళ్ళీ అదే ఫోను,
అదే పేచీ, కంచం గోడకి.
మెతుకులు ఏరుతూ
పది దాకా లెక్కపెడదామనుకున్నాను.
ఏడు దగ్గర చెయ్యి లేచింది.

మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాను.