బంధువు కాని మనిషి

రేవులో కాటా దగ్గర నా ఉద్యోగం.
పెట్టె బరువులోంచి ఐసు బరువు తీసేసి
చేప ఎంతో రాస్తాను.
మా ఇంట్లో ఆ లెక్క
పద్దెనిమిది నెలలుగా తేలలేదు.

నాన్న ఎవర్నీ అడక్కుండా పడవ అమ్మేశాడు,
పడవతో పాటు చేపలు పట్టే హక్కునీ.
పదకొండేళ్ళు ఆ పడవ నడిపిన మా ఏవిందుర్‌కి
సంగతి పెట్రోలు బంకులో తెలిసింది.
అప్పట్నుంచి ఆదివారం మాంసం పులుసు దగ్గర
ఇద్దరూ కుక్కతోనే మాట్లాడతారు.
"ఉప్పు చాలిందేమో కనుక్కో" అంటాడొకడు.
కుక్క నా వంక చూస్తుంది.

మూడో మనిషి కావాలి, అన్నాను.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, అంది అత్త థోర్దీస్.
పడ్డదాన్ని దాటుకుంటూనే కదత్తా
ఇన్నాళ్ళూ వంటింట్లోకి వెళ్తున్నాం.

సిగ్లుఫ్యోర్దుర్ లాంటి పిడికెడు ఊళ్ళో
పరాయి మనిషిని వెతకడమంత కష్టం ఇంకోటి లేదు.
మొదటి పేరు, అమ్మకి చెల్లెలి వరస.
రెండో ఆవిడ ఏవిందుర్ మాజీ భార్యకి సొంత అక్క.
మూడో ఆయన్ని చిన్నప్పుడు నాన్న
జుట్టు పట్టి నీళ్ళలోంచి లాగాడట.
"నేను బతికించిన వాడి ముందు నేను ఏడవాలా?"
నాలుగో చోట అక్టోబరు దాకా ఖాళీ లేదు.
ఐదో ఆమె ఫోను తెర మీద కనిపించింది.
నాన్న, పడవ రేడియోలో లాగా,
ప్రతి వాక్యం చివరా "ఓవర్" అని అరిచి
ఏడో నిమిషంలో కట్టేశాడు.

ఆరో పేరుకి నాకు నోరే తిరగలేదు. లెషెక్.
పోలండు నుంచి వచ్చి అకురేయ్రిలో ఉంటున్నాడు.
"ఎవరి మనవడు?" అన్నాడు నాన్న.
ఇక్కడ ఎవరికీ ఏమీ కాడు.
"అయితే పద."

మార్చి. నేను నడుపుతున్నాను.
నాన్న ముందు, వాడు వెనక,
మధ్యలో గేరు మార్చే నా చెయ్యి.
పాత సొరంగం ఒక్క బండికే పడుతుంది.
ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలో
మొదట్లోనే బోర్డు మీద రాసి ఉంటుంది.
పక్క గూట్లో ఆపి, లైట్లు తగ్గించి,
లారీ వెళ్ళేదాకా ఆగాను.
చీకట్లో ముగ్గురి ఊపిరీ అద్దాల మీద.

గదిలో కుర్చీలు మూడూ మూడు రకాలు.
కాఫీ నీళ్ళలా ఉంది.
లెషెక్ మా భాష నేర్చి తొమ్మిదేళ్ళట,
విభక్తులు ఇంకా చేతికి చిక్కవు.
అతనికి అర్థం కావాలి కదా అని
నాన్న నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెప్పాడు.
పడవ పాతది. అప్పు ఉంది. వీడికి చెప్పలేదు.
సామెతల్లేవు. దెప్పుళ్ళు అంతకన్నా లేవు.

లెషెక్ రాసుకుని తలెత్తాడు.
కొడుకు మీద కోపమా, అని అడగాలి కాబోలు.
"మీకు కొడుకు కోసం కోపమా?" అన్నాడు.

దిద్దడానికి నాన్న నోరు తెరిచాడు.
రేడియో వార్తలు చదివే వాళ్ళనీ వదలని మనిషి.
తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.
హీటరు టిక్కుమంది.
"ఆఁ" అన్నాడు.

ఏవిందుర్ బూటు లేసు విప్పి
మళ్ళీ కట్టుకున్నాడు.
"ఎంత అప్పు?"
ఆ గదిలో కుక్క లేదు.

తిరుగు దారిలో ఫీజు ఎవరిదని పోట్లాడుకున్నారు,
నేరుగా, నా భుజం మీదుగా, సొరంగం అంతా మోగేలా.
వాడు ఇంటి ముందు దిగి తలుపు గట్టిగానే వేశాడు.
నాన్న కోటు జేబులోంచి పోటు వేళల పుస్తకం తీసి
పద్నాలుగో తేదీ పక్కన
పెన్సిలుతో "ముగ్గురం" అని రాసుకున్నాడు.
ఆ రోజు పోటు పదకొండున్నరకి.
పొద్దున్నే బయల్దేరాలి, అన్నాడు.