మూడో నంబరు హెచ్చరిక

రేవులో మూడో నంబరు ఎగరేశారట.
రేడియో చెప్పింది, పాలవాడు చెప్పాడు,
డాబా మీద బట్టలు తీస్తూ కింది వాటా సూర్యకాంతం గారూ చెప్పింది.
మనింటికి ఇవాళ ఎన్నో నంబరో
ఎవరూ చెప్పరు నూకాలూ.

నిన్న కండువాల వాళ్ళు కంచరపాలెం మెట్లెక్కి వచ్చారు,
చేతిలో జాబితా, వెనక డప్పులు.
"ఈ ఇంట్లో ఎన్ని ఓట్లమ్మా?"
రెండు.
"ఇంటిపేర్లు వేరేనే! అక్కచెల్లెళ్ళా?"
డ్యూటీ దిగొచ్చిన నువ్వు
భుజాన టికెట్ల సంచీ దించకుండానే
"ఆఁ, అలాటోలమే" అన్నావు.
కరపత్రం చేతిలో పెట్టడానికి వాళ్ళకి ఆ జవాబు చాలు.
అందులో కుటుంబం బొమ్మ:
ఒక మీసం, ఒక బొట్టు, ఇద్దరు పిల్లలు.
వెనక్కి తిప్పితే రోడ్లూ కుళాయిలూ.
కుళాయి దగ్గర వరసలో కూడా మనం లేం.

పగలంతా రిజిస్ట్రారాఫీసు ఎదురు రేకుల షెడ్డులో
ఊరందరి పెళ్ళి దరఖాస్తులూ టైపు కొట్టేది నేనే.
వరుడు, వరుని తండ్రి,
వధువు, వధువు తండ్రి,
సాక్షులు ముగ్గురు.
మొన్న ఒక పెళ్ళికూతురు కంగారులో
వరుడి గడిలో తన పేరు రాసేసింది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
కొత్త ఫారం ఇచ్చానే గానీ
పాతది చింపబుద్ధి కాలేదు.
వరుడి గడిలో ఎవరో అమ్మాయి,
కింద వధువు గడి ఖాళీ.
టిఫిను డబ్బా కింద పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

కోర్టు ఆ అక్టోబరులో "ఇది మా పని కాదు,
చట్టసభ పని" అంది.
చట్టసభ ఏమంది?
చట్టసభ డప్పులతో మెట్లెక్కి వచ్చి
ఎన్ని ఓట్లని అడిగి వెళ్ళింది.

"ఇయ్యందాన్ని ఏటి లాక్కుంటారే" అంటావు నువ్వు
చారులో అన్నం పిసుక్కుంటూ.
నిజమే.
నీ పి.ఎఫ్. కాగితంలో సంబంధం అన్నచోట
పినతల్లి కూతురు అని రాశావు కదా,
లేని పిన్ని ఒకావిడ అలా మనకి పుట్టింది.
ఆవిడకి మోకాళ్ళ నొప్పులనీ, సింహాచలం మొక్కుందనీ
మనమే కల్పించుకుని నవ్వుకున్నాం.
ఆవిణ్ణి ఎవరు లాక్కుంటారు?

కానీ నూకాలూ, మన దగ్గర ఒకటుంది.
నేరం కాదు అన్న ఒక్క మాట.
ఒకసారి ఇచ్చారు, వెనక్కి తీసుకున్నారు,
మళ్ళీ ఇచ్చారు.
తీసుకున్న చెయ్యి నాకు గుర్తుండిపోయింది.
దస్తావేజులు కొట్టే దాన్ని, నాకు తెలుసు:
రద్దు పత్రం ఎప్పుడూ
అసలు పత్రం కంటే పొట్టి.

హుద్‌హుద్ నాడు నువ్వు పక్క గదిలో అద్దెకుండేదానివి.
నీ రేకు లేచిపోతే నా గదిలోకి వచ్చావు,
టికెట్ మిషను కొంగులో చుట్టుకుని.
ఇద్దరం తలుపుకి వీపులానించి కూర్చున్నాం
చీకటి పడేదాకా.
మర్నాడు ఊళ్ళో చెట్టుకి ఆకు లేదు,
యారాడ కొండ గుండు చేయించుకున్నట్టుంది.
నీ గదికి రేకు వేయించారు.
నువ్వు మాత్రం వెళ్ళలేదు.
సాక్షి ఎవరంటే, ఆ తలుపు.
దాన్ని ఇంటాయన తర్వాతి ఏడే మార్చేశాడు.

ఇప్పుడు రాత్రి పదకొండు. గాలి మొదలైంది.
గొళ్ళెం వదులైన కిటికీ
టకటకా కొట్టుకుంటోంది.
నువ్వు చీకట్లో లేచి వెతుకుతున్నావు,
డబ్బా కింద చెయ్యి పెట్టి
"ఇదేటి?" అన్నావు.
పాడైపోయిన కాగితం, అన్నాను.
నాలుగు మడతలు పెట్టి కిటికీ సందులో దోపావు.

చప్పుడు ఆగింది. గాలి ఆగలేదు.
ఎన్నో నంబరుకి మార్చారో రేడియో పెట్టి వినమన్నాను.
"పడుకోయే" అన్నావు,
"నాలుగున్నరకి లేపు,
ఫస్టు బస్సు నాదే."